పేరు అడిగితే చెప్పలేకపోయాను

ఈ రోజు పొద్దున ఆత్మకూరులో కర్నూలు బస్సు కోసం నిలబడి ఉంటే, ఒక చెంచు ఆమె వచ్చి చార్జీకి సాయం చేయమంది. వెదురు నరకడానికి కంట్రాక్టరు వెంట పోయిన తమ్ముడు తిరిగి రాలేదట. కర్నూలు ఆసుపత్రిలో చూశామని ఎవరో చెబితే వెతకడానికి బయలుదేరిందట.

"తాగేదానికా?" అన్నాను, నలుగురూ వింటుండగానే.

"తాగేదానికైతే అడివిలోనే ఇప్పసారా ఉండాదప్పా. ఇంత దూరం నడిచొచ్చి నిన్ను అడగల్లా?" అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు.

ఆ మాట విన్న టీకొట్టు ఖాదర్ సాయిబు, బస్సు వచ్చి మేమంతా ఎక్కాక, తువ్వాలు పట్టి బస్సంతా తిరిగాడు. టికెట్టుకే కాదు, పట్నంలో ఆమె తిండికీ సరిపోయేంత పోగైంది. నేనూ ఒక రూపాయి నోటు వేశాను, అందరికీ కనపడేలా.

బస్సు కదిలాక ఆమె నా సీటు దగ్గరకొచ్చింది. "మావోడు దొరికితే మీ అందరి పేర్లు చెప్పల్ల గదా. నీ పేరేమప్పా?"

విననట్టు కిటికీ వైపు తిరిగాను.

కర్నూలులో దిగి ఆమె ఆసుపత్రికి దారి అడుగుతుంటే, తెలిసి కూడా చెప్పకుండా వచ్చేశాను. తమ్ముడు దొరికాడో లేదో తెలియదు. మీరైతే పేరు చెప్పగలిగేవారా?