నేను టైప్ చేయని పేరు

దయ్యాలంటే భయం ఉన్నవాళ్లు నా పని ఒక్కరోజు కూడా చేయలేరు. పిడుగురాళ్లలో మాకు ఫ్లెక్సీ షాపు ఉంది. డిజైన్లన్నీ నేనే చేస్తాను. పెళ్లిళ్లు, పుట్టినరోజుల ఫ్లెక్సీలు ఎన్ని వస్తాయో శ్రద్ధాంజలివీ అన్నే వస్తాయి. పోయినవాళ్ల మొహం కంప్యూటర్ నిండా పెద్దది చేసుకుని, మచ్చలు తుడిచి, జుట్టు సరిచేస్తూ కూర్చుంటాను. కళ్లు మూసుకుని దిగిన ఫొటో అయితే ఇంకో ఫొటోలోంచి కళ్లు తెచ్చి పెడతాను. అలా నేను కళ్లు తెరిపించిన వాళ్లలో ఒక్కరు కూడా ఇంతవరకు నన్ను పలకరించలేదు.

అందుకే నేను దయ్యాలను నమ్మను. ఈ సంగతి జరిగాక కూడా నమ్మను. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. నన్ను అబద్ధాలకోరు అనేవాళ్లు ఊళ్లో ఇప్పటికే కొంతమంది ఉన్నారు. మీరూ వాళ్లలో చేరతానంటే మీ ఇష్టం.

అదొక ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ. వెంకటేశ్వర్లు గారని, క్వారీలకు టిప్పర్లు తిప్పుతారు. ఫంక్షన్ ఆయన కూతురు హరిణిది. ఆయన, వాళ్లమ్మ సుబ్బాయమ్మ గారు, భార్య శిరీష, హరిణి అందరూ కలిసే షాపుకు వచ్చారు. మా దగ్గర అంతే. ఇంటిల్లిపాదీ నా కుర్చీ వెనక నిలబడి, ఇది పెంచు, అది తగ్గించు అంటూ డిజైన్ చేయిస్తారు.

హరిణి నా పక్కన స్టూలు మీద కూర్చుంది. తొమ్మిదో తరగతి చదువుతోంది. కళ్లలో సంబరం దాచుకోవడం ఇంకా రాని వయసు.

"నా పేరు మాత్రం అదిరిపోవాలక్కా" అంది.

అక్షరాలను అదరగొట్టడం నాకిష్టమైన పని. ఉత్త ఫాంట్‌లో పేరు టైప్ చేసి వదిలేయడం ఎవరైనా చేస్తారు. నేను ఫొటోషాప్‌లో ఒక్కో అక్షరాన్నీ విడదీసి, కొమ్ములు సాగదీసి, లోపల బంగారు రంగు నింపి, చుట్టూ సన్నటి ఎర్ర అంచు గీసి, వెనక నీడ పడేలా చేస్తాను. అక్షరం ఫ్లెక్సీ మీద నుంచి లేచి నిలబడినట్టుండాలి. హరిణి పేరు చివర ఒక మల్లెచెండు కూడా వేలాడదీశాను. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది.

తర్వాత నా చెవి దగ్గరకు వంగి, అయినా అందరికీ వినబడేలాగే అడిగింది.

"అక్కా, నా పేరు కింద మా అమ్మ పేరు కూడా పెట్టవా? చిన్నగా పెట్టినా పర్లేదు. దుర్గ అని."

నేను శిరీష వైపు చూశాను. ఆమె తల దించుకుంది. అప్పుడర్థమైంది నాకు, శిరీష ఆ పిల్లకు కన్నతల్లి కాదని. దుర్గ అనే ఆమె, పిల్ల చిన్నప్పుడే జబ్బు చేసి పోయిందట. నేను పెళ్లయి నరసరావుపేట నుంచి ఈ ఊరు రాకముందు మాట అది. ఆమెను నేను చూడలేదు, ఆమె గురించి వినలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

"ఏందే ఆ మాట?" అని సుబ్బాయమ్మ గారు గయ్యిమన్నారు. "శుభమా అని ఫంక్షన్ చేసుకుంటంటే పోయినామె పేరెందుకు మజ్జెలో?"

నా నోరు ఊరుకోదు. "కన్నతల్లి పేరు అశుభం ఎట్టయిద్ది పెద్దమ్మా?" అన్నాను.

"నీ పని నువ్వు చూసుకోమ్మా. మా ఇంటి సంగతులు నీకెందుకు?"

వెంకటేశ్వర్లు గారిని అడిగాను, మీరేమంటారండీ అని. ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "మా అమ్మ చెప్పినట్టు కానీమ్మా" అన్నారు. ఒళ్లు మండిపోయింది నాకు. కానీ ఫ్లెక్సీ వాళ్లది, పేర్లు వాళ్లవి. దుర్గ అన్న పేరు నేను టైప్ చేయలేదు. కీబోర్డు మీద ఆ అక్షరాల జోలికే పోలేదు.  ఆ తర్వాత రంగులు అడిగితే హరిణి తల ఊపింది, అంతే.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటుంటే మెషీన్ దగ్గర నుంచి ఏడుకొండలు కేకేశాడు. ఏడుకొండలు మా ప్రింటింగ్ ఆపరేటర్. షాపు పెట్టినప్పటి నుంచి మాతోనే ఉన్నాడు. మెషీన్ గురించి తప్ప కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు, తెలుసుకోనని ఒట్టు పెట్టుకున్న మనిషి.

"అక్కా, ఈ కింద పేరు ఎవరిది?"

వెళ్లి చూశాను. ఎర్రటి వెల్వెట్ తెర బొమ్మ మీద బంగారు రంగులో హరిణి పేరు నేను చేసినట్టే మెరిసిపోతోంది. దాని కింద, మల్లెచెండు పక్కన, అరచేతి వెడల్పున "దుర్గ" అని ఉంది.

ముందు నాకు కోపమే వచ్చింది, భయం కాదు. మా లైన్‌లో ఇది మామూలు పొరపాటు. ప్రతి ఫ్లెక్సీ కొత్తగా చేస్తే గిట్టుబాటు కాదని, పాత ఫైల్ తెరిచి ఫొటో, పేరు మార్చి ఇచ్చేస్తుంటాం. ఫొటోషాప్‌లో బొమ్మలు, అక్షరాలు అన్నీ లేయర్లుగా, అద్దాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. పాత పేరున్న లేయర్ చెరిపేయకుండా కనబడకుండా మాత్రమే చేస్తే, ఏదో ఒక రోజు అది బయటపడుతుంది. ఒకరి పెళ్లిలో ఇంకొకరి మేనమామ పేరు ప్రత్యక్షమయ్యేది అలాగే.

కాబట్టి ఫైల్ తెరిచి లేయర్లన్నీ ఒక్కొక్కటిగా ఆర్పుతూ, వెలిగిస్తూ చూశాను. నెమలి, తెర, ఫొటో, పేరు, నీడ, మల్లెచెండు. దుర్గ లేదు. మెషీన్‌కు పంపిన ఫైల్ కూడా తెరిచాను. అందులోనూ లేదు.

అప్పుడు ఫ్లెక్సీ దగ్గరకు మళ్లీ వెళ్లి వంగి చూశాను. ఆ అక్షరాలు ఏ ఫాంట్‌లోవీ కావు. దారంతో కుట్టినట్టున్నాయి. ఆడవాళ్లు దిండు గలేబుల మీద కుడతారే, గొలుసు కుట్టు, అది. కుట్టు కుట్టుకూ దారం పురి కూడా కనబడుతోంది. ఒక్కో అక్షరం చివర చిన్న ముడి పువ్వు. చేత్తో తడిమితే మాత్రం నున్నటి ఫ్లెక్సీయే. అలాంటి అక్షరం చేయడం నాకు రాదు. ఇష్టం లేకపోయినా ఒప్పుకుంటున్నాను.

ఏడుకొండల్ని దులిపేశాను, ఎవరి పెన్‌డ్రైవ్ పెట్టావని. పాపం, పిల్లల మీద ఒట్టేశాడు. నేను పాత ఫైల్‌ను పక్కన పడేసి, ఖాళీ పేజీ తెరిచి డిజైన్ మొత్తం మొదటి నుంచి చేశాను. పాత బొమ్మ ఒక్కటి కూడా వాడలేదు. తెర రంగు కూడా మార్చి నీలం పెట్టాను. మెషీన్ ఆపేసి మళ్లీ ఆన్ చేయించి, పక్కనే నిలబడి ప్రింట్ వేయించాను.

ఫ్లెక్సీ మెల్లగా కిందికి దిగుతుంటే ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. హరిణి పేరు దిగింది. మల్లెచెండు సగం దిగింది. దాని పక్కన నీలం మీద ముందు ఒక ముడి పువ్వు కనబడింది.

ఏడుకొండలు అగరొత్తుల కట్ట తెచ్చి మెషీన్ ముందు వెలిగించబోయాడు. ఇంకు డబ్బాల పక్కన నిప్పేందిరా అని కట్ట లాక్కుని బయట పారేశాను. భయమేసింది, నిజమే. కానీ దండం పెట్టలేదు. వెంకటేశ్వర్లు గారికి ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పాను.  పొద్దున వచ్చి చూస్తామన్నారు.

ఫంక్షన్ రోజు పొద్దున్నే పట్టుబట్టల్లో దిగారు అందరూ. సుబ్బాయమ్మ గారు గుమ్మంలో నుంచే అందుకున్నారు.

"పిల్ల అడిగిందని జాలిపడి పెట్టేశావు, ఇప్పుడు మెషీన్ మీద నెడతన్నావు. మమ్మల్ని ఎర్రోళ్లనుకున్నావా?"

"నేను పెట్టలేదు" అన్నాను. "పెడితే పెట్టానని మీ మొహం మీదే చెప్తా. నాకేం భయం?"

నీలం ఫ్లెక్సీని బల్ల మీద పరిచాను. ఆవిడ దగ్గరకొచ్చి వంగారు. ముడి పువ్వు మీద వేలు పెట్టి, వెంటనే తీసేశారు. 

"ఇది దుర్గ కుట్టు గదంట్రా" అన్నారు కొడుకుతో.

ఆయన చూసి మొహం పక్కకు తిప్పుకున్నారు. అంత పెద్ద మనిషి టిప్పర్ తాళాలు చేతిలో నలుపుతూ నిలబడిపోయారు. అయినా సుబ్బాయమ్మ గారు తగ్గలేదు. భయపడ్డవాళ్లే ఎక్కువ మొండికేస్తారు. తప్పు పడ్డచోట పైన ముక్క అతికిస్తారుగా, అదే చెయ్యమన్నారు. ఆ పద్ధతి నిజమే. ఫ్లెక్సీలో ఏదన్నా తప్పొస్తే, అదే రంగులో చిన్న స్టిక్కర్ ముక్క ప్రింట్ కొట్టి పైన అంటిస్తాం. దూరం నుంచి చూస్తే తెలియదు.

నీలం ముక్క కొట్టించి ఇచ్చాను. "అతికించేది మాత్రం నేను కాదు. మీకు చేతులొస్తే మీరే మూయండి" అన్నాను. వ్యాపారం పోతుందని తెలుసు. పోతే పోనీ అనిపించింది.

ఆవిడ ముక్కను పేరు దాకా తీసుకెళ్లి, వెనక్కి తీసి మనవరాలి చేతికిచ్చారు. "నీ ఫంక్షనే గదా, నువ్వే అంటియ్యి."

హరిణి ముక్కను చూసింది, పేరును చూసింది. పట్టులంగాలో, జడకుచ్చులతో, పెదవులు బిగించుకుని నిలబడింది. తర్వాత ఆ ముక్కను నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పడేసింది.

"అంటియ్యను నాయనమ్మా. మా అమ్మ పేరు నేను మూయను. కావాలంటే ఫంక్షనే వద్దు నాకు."

 నాకు ఏడుపొచ్చింది, ఆపుకున్నాను. అప్పటిదాకా గుమ్మం దగ్గరే ఉన్న శిరీష లోపలికొచ్చింది. ఎవరి వైపూ చూడలేదు. ఫ్లెక్సీని జాగ్రత్తగా చుట్ట చుట్టి చంకలో పెట్టుకుంది.

"టైమయిపోతంది అత్తా, పదండి" అంది.

ఆ ఫ్లెక్సీయే ఫంక్షన్ హాల్లో కట్టారు. నన్నూ పిలిచారు, వెళ్లాను. హరిణి ఆ పేరు కిందే కూర్చుని అక్షింతలు వేయించుకుంది. సుబ్బాయమ్మ గారు భోజనాల దగ్గర నాతో మాట్లాడలేదు కానీ, నా ఆకులో ఇంకో బూరె వేయమని వడ్డించేవాళ్లకు చెప్పారు.

కొన్నాళ్లకు శిరీష ఒక్కతే షాపుకు వచ్చి, సంచిలోంచి దిండు గలేబు ఒకటి తీసింది. తను కాపురానికి వచ్చినప్పుడు బీరువాలో దొరికిందట, పారేయబుద్ధి కాక దాచిందట. దాని మీద హరిణి అని గొలుసు కుట్టుతో కుట్టి ఉంది. నా దగ్గరే ఉండిపోయిన ఎర్ర ఫ్లెక్సీలో పేరున్న ముక్క తెచ్చి పక్కన పెట్టాను. అదే పురి, ఒక్కో అక్షరం చివర అదే ముడి పువ్వు. ఈ గలేబు హరిణి కూడా ఎప్పుడూ చూడలేదని శిరీష చెప్పింది.

"ఇప్పుడు దానికి చూపిస్తానక్కా" అంది వెళ్తూ.

నాకు పంతం ఎక్కువ. ఆ రోజే నీలం ఫైల్ తెరిచి మళ్లీ ప్రింట్ వేయించాను. పేరు రాలేదు. ఎర్ర ఫైల్ వేయించాను. రాలేదు. మెషీన్ కంపెనీ మనిషి సర్వీసుకు వచ్చినప్పుడు అడిగితే, అలా జరగదమ్మా అని నవ్వేశాడు. మళ్లీ మళ్లీ వేయిస్తుంటే ఏడుకొండలే విసుక్కున్నాడు.

"ఇంకెందుకొస్తదక్కా? ఆమె పని అయిపోయింది గదా."

నేను అది ఒప్పుకోను. ఏదో కారణం ఉండే ఉంటుంది, నాకు దొరకలేదు, అంతే. ఊళ్లో మాత్రం ఇప్పటికీ ఆ పేరు నేనే పెట్టాననే అంటారు. కొందరు తిట్టడానికి అంటారు, కొందరు మెచ్చుకోవడానికి. ఇద్దరికీ ఒకటే జవాబు. అది నా పని కాదు. నేనే పెట్టి ఉంటే ఆ తల్లి పేరు అంత చిన్నగా పెట్టేదాన్ని కాదు.