కారుతున్నా మా పడవే

పోయిన నెల చెరకు ఎస్టేటు దొర దగ్గర కొన్న పాత తెరచాప పడవను ఈ రోజు మారిషస్ తీరంలోని మాయెబూర్‌లో మొదటిసారి నీళ్లలోకి దించాం. తెరచాప గాలి నింపుకోగానే నా గుండె పొంగింది. అంతలోనే అడుగు పలకల్లోంచి నీళ్లు ఊరాయి. అక్క చెంబుతో తోడుతుంటే పడవను ఒడ్డుకు తిప్పాను.

అక్కడ నిలబడ్డ దొర నవ్వాడు. "మాస్టారూ, మీ వాళ్లకు తెలిసింది చెరకు కొట్టడం. సముద్రం మీకెందుకు? పడవ నాకు తిరిగిచ్చెయ్యండి."

నాకంటే ముందే అక్క అంది: "మా తాత మీ చెరకు తోటల్లో కూలికి ఈ సముద్రం మీదే ఓడలో వచ్చాడు, మిస్యే దొరా. ఆ ఓడ మీ వాళ్లది. ఈ పడవ మాది. ఇవ్వం."

పలకలు తట్టి చూడకుండా కొన్నది నా తప్పే. అయినా సందుల్లో పీచు కూరి, తారు పూసి, ఆదివారం మళ్లీ దిగుతాం. పాత పడవ కొని నవ్వులపాలైనవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి. మా దాంట్లో ఇంకో ఇద్దరికి చోటుంది.