తవుడుకు అమ్మిన కూతురు

కొడుకు పుట్టిన దగ్గర్నుంచి వెంగమ్మ మొగుడు సుందరయ్యకు కాళ్లు నేలమీద ఆనడం లేదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది అది. ఆ రాష్ట్రం కూడా తన కొడుకు కోసమే వచ్చినట్టు మాట్లాడేవాడు. ఉదయగిరిలో బస్సులు ఆగేచోట టీ అంగట్లో కూర్చుని, నెల్లూరు పోయే ప్రతివాడినీ ఆపి, పిల్లవాడి ముక్కు ఎంత సూటిగా ఉందో వర్ణించేవాడు. కొండకింద చేలో సజ్జ ఎండిపోతుంటే అటు తొంగిచూసే తీరిక మాత్రం ఆయనగారికి లేదు.

ఇంట్లో ఇద్దరు పిల్లలతో వేగేది వెంగమ్మ. పెద్దది పెంటమ్మ, ఇంకా రెండేళ్లు నిండలేదు. చంటివాడు రెండు నెలల గుడ్డు. పొద్దున్నే కాళ్లు చాపుకుని, వాటిమీద వాణ్ణి పడుకోబెట్టి నూనె రాస్తుంటే, పెంటమ్మ వచ్చి తనూ ఆ కాళ్లమీదే పడుకుంటానని దొర్లేది. వాడికి సాంబ్రాణి పొగ వేస్తే తనకూ వెయ్యాలి. వాడు చీర ఉయ్యాలలో ఉంటే తనూ అందులోకి ఎక్కాలి. పొయ్యిమీద సంగటి అడుగంటుతుంటే వెంగమ్మకు ఒకడు భుజంమీద, ఒకతె కాళ్లకు చుట్టుకుని. అత్త పోలేరమ్మ అరుగుమీద కూర్చుని ఆకూ వక్కా నములుతూ, "మా కాలంలో మేం కనలేదా, పెంచలేదా?" అనేది. ఆమె కన్నది ఒక్కణ్ణి. ఆ ఒక్కడూ ఎట్లా తయారయ్యాడో ఊరందరికీ తెలుసు.

పెంటమ్మకు ముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. ఇదన్నా నిలవాలని, పుట్టిన వెంటనే చేటలో పెట్టి, పెంటకుప్పమీద దొర్లించి, పక్కింటి కామమ్మకు చేటెడు తవుడుకు అమ్మారు. ఎవరికీ అక్కరలేని బిడ్డ, పరాయి బిడ్డ అనుకుని చావు దాని జోలికి రాదని నమ్మకం. ఆ పైన బిడ్డ కొన్నవాళ్లది. కన్నతల్లి పరాయి పిల్లను సాకినట్టు సాకాలి. కామమ్మ మొగుడు పోయిన మనిషి, పిల్లాజెల్లా లేరు. ఆమె తవుడు పోసి, బిడ్డకు ముక్కు కుట్టించి, మళ్లీ వెంగమ్మ ఒళ్లో పెట్టి, "నా కూతుర్ని బాగా సాకమ్మే" అన్నది. పిల్ల నిలిచింది. కొడుక్కి మాత్రం ఈ తంతు చెయ్యలేదు. మొగబిడ్డను ఆటకైనా అమ్ముకుంటామా అని సుందరయ్య మీసం దువ్వుకుని, మొలకు తాయెత్తు కట్టించి ఊరుకున్నాడు.

ఒకనాడు వెంగమ్మ పిల్లలను అత్తకు అప్పగించి నీళ్లకు పోయింది. తిరిగి వచ్చేసరికి ఉయ్యాల పక్కన పెంటమ్మ నిలబడి, తన గిన్నెలో సంగటి చిటికెడు తీసి తమ్ముడి నోట్లో పెడుతోంది. తను తింటుంటే వాడు తినకపోవడం ఆ పిల్లకు బాగోలేదు. చంటివాడికి ఊపిరాడక ముఖం కందిపోయింది. వెంగమ్మ బిందె ఆడనే వదిలేసి పరుగెత్తి, వేలుపెట్టి నోరు శుభ్రంచేసి, బోర్లా తిప్పి వీపు తట్టింది. వాడు కెవ్వుమన్నాక గాని ఆమెకు ప్రాణం రాలేదు.

ఆ కేకకు టీ అంగడినుంచి దొరగారు ఊడిపడ్డారు. జరిగిందానికి నాలుగింతలు కలిపి పోలేరమ్మ కొడుక్కి చెప్పింది.

"ఇది పిల్ల కాదు, పీడ! నా కొడుకును చంపబోయినాది!" అని అరిచాడు.

"మీ అమ్మకు చూడమని చెప్పే కదా నేను పోయినాను," అంది వెంగమ్మ.

"నాకు కళ్లు ఆనవు తల్లీ," అంది పోలేరమ్మ. అరుగుమీదనుంచే బస్సు దిగిన చుట్టాలను గుర్తుపట్టే కళ్లు అవి.

సుందరయ్యకు అప్పుడు గొప్ప ఆలోచన తట్టింది. "దీన్ని ఎప్పుడో అమ్మేసినాం కదా! కొన్నోళ్లింట్లోనే ఉండనీ," అన్నాడు, నెల్లూరు ప్లీడర్లకు కూడా తట్టని పాయింటు తీసినట్టు.

"అది తంతు కదయ్యా! బిడ్డ బతకాలని చేసినాము."

"తంతయితే ఏంది? ఆ తవుడు మన ఎద్దులు తినలా?"

పిల్లను ఎత్తి, మూట దింపినట్టు కామమ్మ వాకిట్లో దింపి, "నీ సొత్తు నువ్వే పెట్టుకో వదినా" అని వచ్చేశాడు. గోడవార నిలబడి చూస్తున్న వెంగమ్మకు కామమ్మ ముఖం కనిపించింది. ఆ ముఖం వెలిగింది. కామమ్మ సరేనంటే పిల్ల దక్కదు. అమ్మినమాట నిజమేనని ఊరూ అటే మాట్లాడుతుంది.

వెంగమ్మ ఏడవలేదు. ఉయ్యాల చీర విప్పి భుజాన వేసుకుంది, చంటివాణ్ణి ఎత్తుకుంది, కామమ్మ ఇంటికి నడిచింది.

"అక్కా, నీ కూతుర్ని సాకమని నాకే కదా ఇచ్చినావు. ఈడనే ఉండి సాకుతాను."

కామమ్మ పెంటమ్మ తల నిమిరింది. "నాకు ఆశ లేదని అబద్ధం చెప్పను. నా కూతురూ, నా కూతురూ అని పిలిచి పిలిచి, అట్లనే మనసుకు పట్టినాది. అయినా తల్లిని ఏడిపించి బిడ్డను పెట్టుకునే పాడుబుద్ధి నాకు లేదు. లోపలికి రా. ఆయన దారికొచ్చిందాకా ఉండు."

పొద్దుగూకేసరికి అదే వస్తుందిలే అని సుందరయ్య నవ్వాడు. మర్నాడూ రాలేదు. కళ్లు ఆనని పోలేరమ్మ మాడ్చిన సంగటి తల్లీకొడుకులు తిన్నారు. టీ అంగట్లో, "ఏందిరా, కొడుకును కూడా అమ్మినావంట?" అని అడగనివాడు లేడు. ఆ మాట పొడిచింది. కూతురు పోయినందుకు కాదు, పరువు పోయినందుకు.

"నా కొడుకును ఇయ్యి," అని కామమ్మ వాకిట్లో నిలబడ్డాడు.

"తీసుకో. నేను మాత్రం నా కూతురు ఏడుంటే ఆడనే," అని వెంగమ్మ చంటివాణ్ణి అతని చేతుల్లో పెట్టింది.

మగధీరుడు ఇల్లు చేరాడు. చంటివాడు పాలకోసం గుక్కపట్టాడు. చక్కెర నీళ్లు ఉమ్మేశాడు. మొగబిడ్డ అయినా ఆకలికి ఏడుస్తాడని సుందరయ్యకు తెలిసింది. చొక్కా తడిపించుకుని, బిడ్డను చేతులు చాచి దూరంగా పట్టుకుని తిరిగొచ్చాడు.

"ఇంటికి రాయే."

"నేనొక్కదాన్నేనా?"

"దాన్నీ తీసుకురా."

"నేను తేను. దింపిపోయినోడివి నువ్వు. నువ్వే ఎత్తుకో."

వీధి వీధంతా చూస్తుండగా సుందరయ్య కూతుర్ని ఎత్తుకున్నాడు. పుట్టినప్పటినుంచి ముద్దుగా ఒకసారి ఎత్తుకున్న పాపాన పోలేదు, ఎట్లా ఎత్తుకోవాలో ఏం తెలుసు? పిల్ల అతని మెడను తోసేస్తూ, వెనక్కి తిరిగి, రెండు చేతులూ చాపి "అమ్మా!" అని ఏడ్చింది. వెంగమ్మ పక్కనే నడుస్తోంది. ఆ చేతులు చాపింది కామమ్మ వైపు.

ఆ వాకిట్లో కామమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. వెంగమ్మ ఆగి, మొగుడికి బాగా వినబడేలా అంది:

"అక్కా, పొద్దున్నే పంపిస్తా, నీ కూతుర్ని."

కామమ్మ తలాడించింది.