కలపకూడని గంట

సియాంగ్ అక్క కుండ పొయ్యి మీద పెట్టిందంటే గంటసేపు ఆమెని ఎవరూ పలకరించకూడదు. మా వీధిలో ఎవరూ చెప్పి పెట్టిన నియమం కాదు గానీ అందరూ పాటిస్తారు. అడుగున అల్లం, నిమ్మగడ్డి, ఎండు రొయ్యలు. వాటి మీద నీడన ఆరబెట్టిన చేమాకు. ఆపైన పలచటి కొబ్బరిపాలు. మూత పెట్టి, పొయ్యిలోకి రెండు కొబ్బరి చిప్పలు తోసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. పాలు ఆకులోకి ఇంకి నూనె తేలేదాకా గరిటె ముట్టకూడదు. తొందరపడి కలిపారా, తిన్నవాళ్ళ గొంతు పొద్దుగూకేదాకా గీరుతూనే ఉంటుంది. చేమాకు సంగతి మీకు నేను చెప్పాలా?

నా కుట్టుమిషన్ కిటికీ పక్కనే ఉంటుంది. ఆ కిటికీకి ఎదురుగానే ఆమె పొయ్యి. ముప్పై ఏళ్ళుగా లంగాలకి అంచులు కుడుతూ ఆ గంటని చూస్తూనే ఉన్నాను. మా కమాలిగ్ ఊళ్ళో మధ్యాహ్నాలు నిద్రమత్తులో ఉంటాయి. మయోన్ కొండ సగం దాకా మబ్బులో మునిగి, ఉందో లేదో అన్నట్టు ఉంటుంది. పొగ పైకి పోకుండా అరటి ఆకుల మధ్యే తిరుగుతుంది. ఆ పొగలో అక్క కళ్ళు తెరుచుకునే ఎటో వెళ్ళిపోతుంది. పెదవులు కదులుతుంటాయి. ఒక్కోసారి నవ్వుతుంది, తల ఊపుతుంది. చూస్తున్న నాకూ కునుకు పట్టి, కుట్టు వంకర పోయేది.

ఒకసారి కుండ దించాక ఉండబట్టలేక అడిగాను. "ఎవరితో అక్కా ఆ కబుర్లు?"

"అమ్మతో. ఇంకెవరితో."

"ఏమంటుంది?"

"ఏమంటుందీ, కలపకు అంటుంది. బతికున్నప్పుడూ అదే మాట, పోయాకా అదే మాట."

ఆమె మొగుడు అబాకా అనే అరటిజాతి చెట్ల నుంచి నార తీసేవాడు. దగ్గుతో మంచం పట్టి పోయాడు. పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ కుండ, దానితో వచ్చిన పేరు. పెళ్ళయినా, బారసాలైనా, చావు ప్రార్థనలైనా సియాంగ్ వండితేనే. చిటికెన వేలి గోరంత మిరపకాయలు గుప్పెడు వేస్తుంది. తింటుంటే చెవుల్లోంచి ఆవిరి వస్తుంది, అయినా చెయ్యి ఆగదు. ఆమె కూర తిని గొంతు పట్టుకున్నవాళ్ళు లేరు. ఒక్క రోజు తప్ప. ఆ రోజు తప్పు ఆమెది కాదు, చెల్లెలు లూదిది. ఊరంతా అలాగే అనుకుంది, నేనూ అలాగే అనుకున్నాను.

మూడేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం అక్క నన్ను కిటికీలోంచి పిలిచింది. కుండ పొయ్యి మీద ఉండగా ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి.

"పెలింగూ, ఆ రోజు కలిపింది లూది కాదే. నేను."

ఏ రోజని నేను అడగలేదు. వాళ్ళమ్మ పోయిన తొమ్మిదో రోజు. ప్రార్థన చివరి రోజని ఊరంతా భోజనానికి వచ్చాం. కుండ దగ్గర లూదిని కూర్చోబెట్టి, ఎనిమిది రోజులుగా నిద్రలేని అక్కని లోపల పడుకోమన్నారు. వడ్డించాక రెండో ముద్దకే దగ్గులు మొదలయ్యాయి. పాదిరిగారు నీళ్ళ చెంబు కింద పెట్టలేదు. కుండ దగ్గర ఎవరున్నారని వాళ్ళ అంబో బాబాయ్ అడిగాడు. అందరం లూది వైపు చూశాం. నేను కలపలేదంది. "అయితే కుండ తనంతట తనే కలుపుకుందా?" అన్నాడాయన. అందరం నవ్వాం. చావింట్లో, గొంతులు గీరుకుంటూ నవ్వాం. లూది అక్క మొహంలోకి చూసింది. అక్క తల దించుకుంది.

అప్పటికి లూది చర్చి పక్క సంతలో సొంతంగా కుండ పెట్టుకోవాలని చూస్తోంది. పెట్టింది కూడా. ఒక్కరు కొంటే ఒట్టు. "లూది కూరా? గొంతుకి నూనె రాసుకుని రావాలమ్మా" అని నేనే అన్నాను, అది వినేలా. పది రోజులు చూసి, మూట కట్టుకుని నాగా అనే పట్నం వెళ్ళే బస్సెక్కింది. అక్కడ వాళ్ళవీళ్ళ ఇళ్ళలో బట్టలు ఉతుకుతోందని తెలిసింది. మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

"ఆ రోజు నీళ్ళకోసమని అది బావి దగ్గరికి వెళ్ళింది," అంది అక్క. "నేను లేచి వచ్చాను. లేచానో, నిద్రలోనే నడిచానో. అమ్మ పక్కన కూర్చుని ఉన్నట్టే అనిపించింది. కలపకు అంటుందని ఎదురు చూశాను. అనలేదు. ఎంతసేపటికీ అనలేదు. అంటుందేమోనని గరిటె పెట్టి కలిపాను పెలింగూ. ఇప్పుడైనా తిడుతుందేమోనని కలుపుతూనే ఉన్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఆ వెనకే ఒళ్ళు మండింది. "ఆ పిల్లని పంతొమ్మిదేళ్ళు నోటికొచ్చినట్టు ఆడిపోసుకున్నాను. నీ పాపంలో నాకూ వాటా పెట్టావు కదే," అని కిటికీ మూసేశాను. నాలుగు రోజులు తెరవలేదు. ఐదో రోజు నాగా వెళ్ళే పనుందని నేనే వెళ్ళి చెప్పాను. ఏ పనీ లేదు. అక్క ఒక్క మాట పంపింది. "ఈ ఏడు అమ్మ పోయిన రోజుకి రమ్మను. అందరి ముందూ చెప్తాను."

నాగాలో లూది ఒకరి పెరట్లో దుప్పట్లు పిండుతోంది. నన్ను గుర్తుపట్టినా పని ఆపలేదు. సంగతంతా చెప్పి, నేనన్న మాటకి క్షమించమన్నాను. "అవతలి కొస పట్టుకో," అని దుప్పటి చేతికిచ్చింది. ఇద్దరం పిండాం. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

అక్క మాత్రం పది రోజులు భయంతో బతికింది. చెప్తే తన పేరు పోతుంది, పేరు పోతే ఆమెకి మిగిలేది ఖాళీ కుండే. చెప్పకపోతే చెల్లెలు లేదు. కుండ ముందు కూర్చుంటే అమ్మ కూడా రావడం మానేసిందట. పొగ మాత్రమే కనిపిస్తోందంది.

ఆ రోజు లూది వచ్చింది. జుట్టు తెల్లబడింది, నడక మాత్రం అదే. వెనక బల్ల మీద కూర్చుని జపమాల తిప్పింది. ప్రార్థన అయ్యాక విస్తట్లో అన్నం, ఎండుచేప పెట్టించుకుంది. కూర వద్దంది. అందరం తినబోతుండగా అక్క గోడ పట్టుకుని నిలబడింది.

"అమ్మ తొమ్మిదో రోజున కుండ కలిపింది లూది కాదు. నేను. మీరందరూ దాన్ని అంటుంటే విన్నాను. నోరు మూసుకుని విన్నాను."

అంబో బాబాయ్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. బయట వాన మొదలై, కొండ పూర్తిగా కనిపించకుండా పోయింది.

"నాకు తెలుసు," అంది లూది.

అక్క దానివైపు చూసింది.

"నీళ్ళు తెచ్చేసరికి నువ్వు కలుపుతున్నావు. అమ్మా, అమ్మా అంటున్నావు. నిన్ను పిలవడానికి నోరు రాలేదు. బిందె పట్టుకుని అరటిచెట్టు వెనకే నిలబడ్డాను."

"మరి చెప్పలేదేం?"

"నేనెందుకు చెప్తాను? నువ్వు చెప్తావనుకున్నాను. బాబాయ్ అడిగినప్పుడు చెప్తావనుకున్నాను. పోనీ పడుకునే ముందు నాతో ఒక్కదానితోనైనా అంటావనుకున్నాను. నా కుండ అమ్ముడుపోక పారబోస్తుంటే చూశావే, అప్పుడైనా అంటావనుకున్నాను. బస్సు కదిలేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను అక్కా."

అక్క నేల మీద కూలబడి ఏడ్చింది. బాబాయ్ లేచి, అందరి ముందూ లూదికి చేతులు జోడించాడు. నేను తలెత్తలేకపోయాను. లూది వెళ్ళి అక్క పక్కన కూర్చుంది. ముట్టుకోలేదు గానీ పక్కనే కూర్చుంది.

"నీ చేతి కూర ఇవాళ తినలేనక్కా. కోపంగా ఉంది. అది తగ్గేదాకా ఇక్కడే ఉంటాను."

"ఎన్నాళ్ళు పడుతుందే?"

"ఏమో. పంతొమ్మిదేళ్ళది కదా."

అక్క పేరు కొంత పోయిన మాట నిజం. కొందరు పెళ్ళిళ్ళకి పిలవడం మానేశారు. చర్చి పక్క సంతలో ఇప్పుడు లూది కుండ ఉంటుంది, మధ్యాహ్నానికే ఖాళీ అవుతుంది. ఇంట్లో మాత్రం పొయ్యి ముందు ఇద్దరూ కూర్చుంటారు, మాటలుండవు. నేను ఇవతల కిటికీలో మిషన్ ఆపి చూస్తాను. పొగలో ఇద్దరు ఉన్నట్టుంటుంది, ఒక్కోసారి ముగ్గురు ఉన్నట్టూ ఉంటుంది.

ఇది జరిగి మూడేళ్ళయింది. కోపం తగ్గిందా అని అక్క ఇంతవరకు అడగలేదు. తగ్గిందంటే లూది వెళ్ళిపోతుందేమోనని భయం.