సంచితో పాటు పోయినవి

అక్కకు గర్భసంచి తీసేసినప్పుడు ఆమెకు ముప్పై ఒకటి. ఎవరూ ఏడవలేదు. మామిడిపల్లిలో మా వాడకట్టు ఆడవాళ్లకు అదొక పెద్ద విషయమే కాదు. తెల్లబట్ట అవుతోందన్నా, నడుము లాగుతోందన్నా ఒకటే సలహా. "పిల్లలు పుట్టినంక సంచితోని ఏం పని? తీయించుకో, పీడ పోతది." పెళ్లిలో అన్నం తింటూ కూడా ఈ మాటే చెబుతారు.

ఆపరేషన్ అయ్యాక నర్సు తీసినవన్నీ ట్రేలో తెచ్చి మాకు చూపించింది. చూపించకపోతే మావాళ్లు నమ్మరు మరి. "అండాశయాలు గూడ తీసేసిండ్రు, ఇగ కేన్సర్ భయం లేదు" అంది. అమ్మ ఆమెకు దండం పెట్టింది.

తర్వాత అక్క ఎయిర్‌పోర్టులో క్లీనింగ్ పనికి కుదిరింది. అంత ఏసీలోనూ చెమటకు జాకెట్టు తడిసిపోయేది. వేడి చేసిందని మజ్జిగ తాగించాం. బీపీ వస్తే ఉప్పు తగ్గించాం. నలభై దాటాక నాలుగడుగులు వేస్తే ఛాతీ పట్టేయడం మొదలైంది. ఈ సంగతి మంఖాల్‌లో కూతురి అత్తగారింటికి తెలియనివ్వద్దని నాతో ఒట్టు వేయించుకుంది. రోగిష్టిదాని బిడ్డ అని దెప్పుతారని భయం.

మొన్న శంషాబాద్‌లో గుండె డాక్టరమ్మకు నేనే చూపించాను. గుండెకు పోయే నాళం సన్నబడిందని చెప్పి, అండాశయాలు ఏ వయసులో తీశారని అడిగింది. గుండెకూ దానికీ ఏం సంబంధమని కస్సుమన్నాను.

"అండాశయాల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తయారవుతుందమ్మా. రక్తనాళాల లోపలి పొరను అది కాపాడుతుంది. నాళాలు సడలి రక్తం తేలిగ్గా పారేలా చూస్తుంది. నెలసరి దానంతటదే ఆగేదాకా మీ అక్కకు ఆ కాపుదల ఉండాల్సింది. అంతా దానివల్లే అనను. కానీ అదీ ఒక కారణమే."

"ఆ హార్మోను గోలీలు లేవా, మేడం?" అన్నాను.

"అప్పుడే మొదలుపెట్టాల్సింది. గుండె ఇలా అయ్యాక ఇవ్వలేం."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది మా పని.

అక్కకు ఆ కోపం కూడా రాలేదు. గది బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుని, "బిడ్డకు ఇయ్యాల్నే గద ఆపరేషన్" అంది. కూతురికి ఇరవై నాలుగు, ఇద్దరు పిల్లలు. అదే తెల్లబట్ట, అదే సలహా. వెంటనే వియ్యపురాలికి ఫోన్ చేసింది.

"వదినా, ఆపుమను. అండాశయాలు తియ్యొద్దంటున్నరు. అవి పోతే గుండెకు మంచిది గాదంట."

"గిట్ల పరేషాన్ జేస్తవేంది వదినా? నిన్ను జూసే గద ఒప్పుకున్నం. తీయించుకున్నంక ఎంత మంచిగున్నవు నువ్వు."

"నేను మంచిగ లేను వదినా. గుండె దవాఖానల ఉన్న."

వియ్యపురాలు గొంతు తగ్గించింది. "గా మాట ఇప్పుడా చెప్పేది? పొద్దుగాలనే అయిపాయె. రెండు దిక్కులవి గూడ తీసేయమని మేమే చెప్పినం. మల్ల మల్ల ఎవరు కోయించుకుంటరు?"

అక్క ఫోన్ ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయింది.

"బిడ్డ కండ్లు తెరిస్తే ఏమని చెప్పాలె?" అని అడిగింది.