బరాత్‌కి ముందు పంచదార నీళ్లు

తమ్ముడికి పెళ్లి కుదిరిందనగానే బరాత్‌లో నేను డాన్స్ చేస్తానన్నాను. ఇంట్లో అందరూ నవ్వారు. నాలుగు మెట్లు గబగబా ఎక్కితే పిక్కలు బిగుసుకుపోయి కూలబడే మనిషిని మరి. చిన్నప్పటినుంచీ నాది బద్ధకమనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. ముప్పై దాటాక ఒక డాక్టరు పరీక్షలు చేయించి, ఇది పుట్టుకతో వచ్చిన కండరాల జబ్బన్నాడు. నా కండరాలు తమలో దాచుకున్న చక్కెరను వాడుకోలేవట. దీనికి మందు లేదు. శ్రమపడే ముందు ఆయన చెప్పిన కొలతకి పంచదార నీళ్లు తాగాలి, మెల్లగా మొదలుపెట్టాలి, నొప్పి పుడితే ఆగాలి. కాసేపటికి ఒళ్లు దానంతటదే దారికొస్తుంది. ఆ మాట వినగానే ఎగిరి గంతెయ్యాలనిపించింది గానీ, అప్పటికింకా పంచదార తాగలేదు కదా.

మా దీవిలోని తుష్నాబాద్ ఊళ్లో మా వాకిట్లోనే రిహార్సల్ పెట్టుకున్నాం. అమ్మ స్టీలు గ్లాసు నిండా తియ్యటి నీళ్లిచ్చింది. తాగి మొదలుపెట్టాను. ఒక పాటైనా పూర్తికాకముందే పిక్కలు రాళ్లయిపోయాయి. ఇక ఈ జన్మకింతేననుకుని గచ్చుమీద కూర్చుని ఏడ్చేశాను.

అమ్మ నావైపు చూడటం లేదు. నాకు అనుమానమొచ్చింది.

"ఏటి కలిపినావమ్మా ఇందులో?"

"మీ నాన్న టీలో పంచదార బదులు ఏసుకునే గోళీలేనే. అంత పంచదార తాగితే నీకూ సుగర్ వచ్చెయ్యదేటి?"

నాన్నకి సుగర్ వచ్చినప్పటినుంచీ అమ్మ పంచదార డబ్బాని దొంగని చూసినట్టు చూస్తోంది. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

"నాన్న జబ్బు ఏరు, నాది ఏరు. నాకది పెట్రోలమ్మా" అన్నాను. అలా చెబితే అమ్మకి వెంటనే అర్థమైంది.

పెళ్లిరోజు అమ్మ పట్టుచీర కట్టుకుని, అసలైన పంచదార నీళ్లతో డీజే బండి పక్కనే నడిచింది. నేను తాగి, ముందు చప్పట్లు కొడుతూ నడిచాను. కాళ్లు బరువెక్కితే ఆగాను. మళ్లీ నడిచాను. రోడ్డు మలుపు దగ్గరికొచ్చేసరికి నొప్పి సర్దుకుని ఒళ్లు తేలికైపోయింది. ఇక చూడాలి నన్ను. పక్కింటి దీదీలు, తమ్ముడి దోస్తులు చెమటలు కక్కుతూ కుర్చీలు వెతుక్కుంటుంటే నేను ఆడుతూనే ఉన్నాను. ఆ సంతోషానికి పిచ్చెక్కిపోయింది.

చివరికి పెళ్లికొడుకే కారు దిగొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"బస్ కరో అక్కా, ఇక చాలు, ముహూర్తం దాటిపోతంది."

నన్ను ఆగమని ఒకరు బతిమాలడం నా జీవితంలో అదే మొదటిసారి.