విద్య పనిచేయని గుహ

మా ఊరి బంగారు గనులు మూసి పదేళ్ళు దాటినా నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం అలవాటు కాలేదు. వారంలో ఆరు రోజులు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోవడం, రావడం. ఆదివారం వస్తే కాళ్ళు ఇంట్లో నిలిచేవి కావు. చర్చి అయిపోగానే మా ఊళ్ళోనే కోరమండల్ అనే పేటలో ఉన్న స్నేహితుడి ఇంటికి పోయేవాణ్ణి. అక్కడ ముగ్గురం కూర్చుని బల్ల మీద ఆట ఆడేవాళ్ళం: నేను, స్నేహితుడు, అతని భార్య. కత్తులు, గుహలు, రాక్షసులు ఉండే కథ ఒకటి నేను చెబుతుంటాను. వాళ్ళిద్దరూ అందులో చెరొక పాత్రగా మారి ఇప్పుడు ఏం చేస్తారో చెప్పాలి. అది ఫలించిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది.

ఆట పుస్తకం ఇంగ్లీషుది. ఆఫీసులో ఒకరి దగ్గర తీసుకుని జెరాక్సు చేయించాను. స్నేహితుడి భార్య పుట్టిల్లు బైరకూరు, పట్టుపురుగులు పెంచే కుటుంబం. ఆమెకు ఇంగ్లీషంటే విసుగు. అందుకని నియమాలన్నీ నేనే తెలుగులో రాశాను. సండే స్కూల్లో నేర్చుకున్న తెలుగు నాది, దాని మీద కాస్త పొగరు కూడా ఉండేది. ఆ పొగరే కొంప ముంచింది. పాత్రలు చేయగలిగే ప్రత్యేకమైన పనులన్నిటినీ కలిపి 'విద్యలు' అని పేరు పెట్టాను. నిప్పు పుట్టించడం ఒక విద్య, గాలిలో తేలడం ఒక విద్య, తాళం తీయడం ఒక విద్య. మన భాషలో గారడీ కూడా విద్యే, చదువు కూడా విద్యే కదా. నాలుగు నెలలు ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ ఆదివారం వాళ్ళ పాత్రలు రెండూ ఒక గుహలోకి వచ్చాయి. శాపం తగిలిన గుహ, అందులో మంత్రాలు పారవని పుస్తకంలో ఉంది. నేను నా కాగితం చూసి గంభీరంగా చదివాను.

"ఇక్కడ ఏ విద్యా పనిచేయదు."

"సరే, నేను కడ్డీతో కప్పు మీద కొట్టి చూస్తాను," అన్నాడు స్నేహితుడు. అతని పాత్ర గని కార్మికుడు. రాతిని తట్టి, చప్పుడు విని, కూలుతుందో లేదో చెప్పగలడు.

"కుదరదు. అది విద్య."

"విద్య కాదప్పా, పని. మా నాయన ఎన్నేండ్లు చేసినాడు ఆ పని! ఆయనేమన్నా మంత్రగాడా?"

"కాగితంలో విద్య అనే ఉండాది."

"ఆ కాగితం రాసింది ఎవురు? నువ్వే గదా!"

అతని భార్య నవ్వింది. "అన్నా, నా తాళం తీసేది గూడా పోయిందా? ఇంగ ఈ గుహలోకి యాడికని వచ్చినాము మేము?"

నాకు నవ్వు రాలేదు. లేచి నిలబడ్డాను, గొంతు పెంచాను. ఆట మీద వచ్చిన కోపం కాదది. మా నాయనా, స్నేహితుడి నాయనా భూమి లోపల ఒకే షిఫ్టులో, కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాళ్ళు. లోపల రాయి ఒత్తిడికి పగిలి కూలడాన్ని మా ఊళ్ళో ఏర్ బ్లాస్ట్ అంటారు. పైన ఇళ్ళలో గిన్నెలు కదిలేవి. అలాంటి ఒకదానిలో మా నాయన పోయాడు. స్నేహితుడి నాయన ముందే బయటికి వచ్చి బతికాడు. ఆయనతో రాయి మాట్లాడుతుందని అందరూ చెప్పుకునేవాళ్ళు. నేనూ ఆ మాట పట్టుకునే పెరిగాను. అది మంత్రమైతే, మా నాయనకు లేకపోవడం ఎవరి తప్పూ కాదు. నేర్చుకుంటే వచ్చే పని అయితే, మా నాయన సరిగా నేర్చుకోలేదని అర్థం. ఆ మాట నేను నా చేత్తో కాగితం మీద రాయలేను.

అతని భార్య మధ్యలోకి వచ్చింది. "పురుగులు మేసే చప్పుడు తగ్గితే, ఇంగ గూడు కట్టేస్తాయని మా యమ్మ చెప్పేస్తాది. నాకు గూడా నేర్పింది. నేర్పితే వచ్చేది పని, రానిది మంత్రం. అట్ల రాసేయన్నా."

"అయితే మీ మామనే అడుగుదాం," అన్నాను. రాదనే అంటాడని నా ధీమా.

పెద్దాయన వసారాలో కుర్చీలో ఉన్నాడు. ఊపిరితిత్తుల నిండా గని దుమ్ము. నాలుగు మాటలకొకసారి ఆగాలి.

"పెదనాయనా, గనిలో రాయి చప్పుడు వినేది నేర్పితే వస్తాదా?"

"ఎందుకు రాదు? మీ నాయనకు నేర్పింది నేనే."

"మరి ఆ దినం ఆయనకెందుకు వినపడలేదు?" అని అరిచాను.

"నాకు మాత్రం ఏం వినపడిందప్పా? దుంగ కిర్రుమనింది. అది దినమంతా కిర్రుమంటానే ఉంటాది. భయమేసి వచ్చేసినాను. పదిసార్లు వచ్చేస్తే తొమ్మిదిసార్లు ఏమీ అయ్యేది కాదు. ఆ ఒక్కసారి కూలింది. జనం పేరు పెట్టేసినారు."

దగ్గు తెర వచ్చింది. కోడలు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి, నా వైపు చూడకుండా చెప్పాడు.

"మీ నాయన చెవి నాకంటే మేలు. దానికి ముందు వారం కప్పు తట్టి చూసి, కూలతాది రాండి అని అందర్నీ బయటికి పిలుచుకొని వచ్చినాడు. కూలలేదు. అందరూ నవ్వినారు. నేను గూడా నవ్వినాను. ఆ దినం పోదాం రా అంటే, నువ్వు పో, నేను వస్తా అన్నాడు. మళ్ళా నవ్వుతారని నిలబడిపోయినాడు. ఈ మాట నీకు చెప్పేదానికి నాకు ఇన్నాళ్ళూ నోరు రాలేదు."

నేను వసారా దిగాను. వీధి చివర దాకా నడిచి, బంగారం తీసేసిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బలు కనబడేచోట ఆగి, మళ్ళీ నడిచాను. పెద్దాయన మీద కోపం, నవ్విన వాళ్ళందరి మీద కోపం, నాయన రోషం మీద అంతకంటే పెద్ద కోపం. ఆయనకు పని తెలుసు. కొడుకునై ఉండి నేనే, ఆయనకు తెలియదేమోనని ఇన్నేళ్ళూ భయపడ్డాను. అది తలుచుకుంటే సిగ్గేసింది.

తిరిగి వచ్చేసరికి వాళ్ళిద్దరూ ఆటను కదపకుండా కూర్చుని ఉన్నారు. కాగితం మీద 'విద్యలు' కొట్టేశాను. నిప్పు, గాలిలో తేలడం మంత్రాల కింద రాశాను. తాళం, రాయి చప్పుడు పనుల కింద. 'గుహలో పని పనిచేస్తుంది' అని రాస్తే వినడానికి వికారంగానే ఉంది. అలాగే వదిలేశాను.

"కడ్డీతో కొట్టు," అన్నాను.

స్నేహితుడు పాచిక వేశాడు. రెండు పడింది, చాలదు.

"ఏమీ తెలియలేదు. చప్పుడు మామూలుగానే ఉండాది," అన్నాను.

"అయినా నేను బయటికి వచ్చేస్తాను," అన్నాడు స్నేహితుడు.

"నేను గూడా," అంది అతని భార్య.

ఆ గుహ కప్పు కూలేది కాదని పుస్తకంలో రాసి ఉంది. లోపల వాళ్ళకోసం ఒక నిధి పెట్టె కూడా ఉంది. ఇద్దరూ దాన్ని వదిలేసి బయటికి వచ్చారు.

"కూలలేదు," అన్నాను.

ఎవరమూ నవ్వలేదు.